వ్రాయని పద్దు

ఆడపిల్ల పెండ్లి నిశ్చయము కాగానే మన గృహస్థులు వ్యయపట్టిక వ్రాయ మొదలిడుదురు. విడిది, వంట, మేళము, పురోహితుని దక్షిణ, పసుపుకొమ్ములు, ఒక్కటియు మఱువరు. ఆకుకూరలయొద్ద సైతము బేరమాడుదురు. అన్నిటిని మించిన పద్దు మాత్రము కాగితమున కెక్కదు. అది కట్నము. లాంఛనములనుడు, ముచ్చటలనుడు, పొలము తెగనమ్మియైనను తీర్పవలసిన సొమ్మదియే.

ఈ మౌనమునకు కారణము మేమెఱుగుదుము. కట్న మిచ్చుటయు, పుచ్చుకొనుటయు, అడుగుటయు నేరమని 1961వ సంవత్సరపు చట్టము చెప్పుచున్నది. వ్రాసినచో సాక్ష్యమగునని భయము! కాని పెండ్లికానుకల జాబితాను వస్తువు, ఉజ్జాయింపు విలువ, ఇచ్చినవారి పేరు, బంధుత్వములతో వ్రాసి, వధూవరు లిరువురు సంతకము చేయవలెనని 1985 నాటి నిబంధనలు విధించినవి. అట్టి జాబితా యెన్ని యిండ్లలో నున్నది?

కుమారుని చదువునకైన వ్యయమును రాబట్టుకొనుచున్నానని వరుని తండ్రి వాదించును. పట్టభద్రుడే యీ మాట యనుట మఱియు వింత. కూతుచదువునకైన వ్యయ మెవ్వరిచ్చెదరు? కాళ్లకూరి నారాయణరావుగారి వరవిక్రయమునకు చప్పట్లు చఱచి నూఱేండ్లు దాటినది. బేరము మాత్రము సాగుచునే యున్నది.

కావున తలిదండ్రులారా, సంబంధపు మాటలనాడే పట్టికలో నా పద్దు వ్రాసి, దానియెదుట సున్న చుట్టి, వరునివారికి చూపుడు. ఆ సున్నను జూచి లేచిపోవువారి యింటికి పిల్ల నెట్లు పంపుదుము?