ఒక్క పోస్టుకు వంతు ఎక్కడిది?

వంతు అంటే ఏమిటో కృష్ణా డెల్టా రైతుకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ప్రకాశం బ్యారేజీ నుంచి కాలువలకు నీరు వదిలినంత మాత్రాన శివారు పొలం తడవదు. వంతు ప్రకారం నీరందితేనే తడుస్తుంది. విశ్వవిద్యాలయ నియామకాల్లో రోస్టర్ అటువంటి వంతుల పట్టికే. ఖాళీలు ఎన్ని అన్నది ఎంత ముఖ్యమో, వాటిని ఏ యూనిట్‌గా లెక్కిస్తున్నారన్నదీ అంతే ముఖ్యం.

విశ్వవిద్యాలయాన్ని కాక ఒక్కో విభాగాన్నే యూనిట్‌గా తీసుకోవాలని 2017లో అలహాబాద్ హైకోర్టు తీర్పు చెప్పింది. 2018 మార్చిలో యూజీసీ ఆ మేరకు ఆదేశాలిచ్చింది. 13 పాయింట్ల రోస్టర్‌లో ఎస్సీల తొలి వంతు ఏడో పోస్టుకు, ఎస్టీల వంతు పద్నాలుగో పోస్టుకు గానీ రాదు. ఆరు పోస్టులున్న విభాగంలో దళిత అభ్యర్థి వంతు ఏనాటికి వచ్చేను? దేశవ్యాప్త ఆందోళనల ఫలితంగా 2019లో ఆర్డినెన్స్, ఆపై చట్టం వచ్చి, విశ్వవిద్యాలయాన్నే యూనిట్‌గా పునరుద్ధరించాయి. అయితే ఆ చట్టం కేంద్రీయ విద్యాసంస్థల బోధనా పోస్టులకే పరిమితం.

మరి పరిశోధన, పరిపాలన కొలువుల సంగతేమిటి? ప్రాజెక్టు పేరిట 'ఒక రీసెర్చ్ ఫెలో', 'ఒక ప్రాజెక్ట్ అసిస్టెంట్' కావాలంటూ విడివిడిగా ప్రకటనలు వెలువడుతుంటాయి. ఒకే పోస్టున్న క్యాడర్‌లో రిజర్వేషన్ చెల్లదని 1998లో చండీగఢ్ పీజీఐ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. పోస్టులను ఒక్కొక్కటిగా విడదీస్తే, రిజర్వేషన్‌ను రద్దు చేయకుండానే నిర్వీర్యం చేయవచ్చు.

ప్రాజెక్టు కొలువులు తాత్కాలికమేనని, నైపుణ్యమే కొలమానమని కొందరి వాదన. నైపుణ్యాన్ని ఎవరూ కాదనరు. కానీ ఆ తాత్కాలిక కొలువులోనే పరిశోధనా పత్రాలు, అనుభవం సమకూరుతాయి. రేపటి శాశ్వత నియామకంలో మార్కులయ్యేవి అవే. తొలిమెట్టు దగ్గర తలుపు మూసి, చివరి మెట్టు దగ్గర 'తగిన అభ్యర్థి దొరకలేదు' అని రాయడం న్యాయమా? 45 రోజులు, అంతకు మించిన తాత్కాలిక నియామకాల్లోనూ రిజర్వేషన్ పాటించాలన్న నిబంధన కేంద్ర ప్రభుత్వంలో ఉంది. అవుట్‌సోర్సింగ్ కొలువుల్లోనూ రిజర్వేషన్ పాటిస్తామంటూ మన రాష్ట్రమే 2020లో ఆప్కాస్‌ను ప్రారంభించింది. కనుక ఇది అసాధ్యమన్న మాట చెల్లదు.

ఎస్సీ వర్గీకరణతో ఈ ప్రశ్న మరింత పదునెక్కింది. 2024 ఆగస్టు సుప్రీంకోర్టు తీర్పు తర్వాత, 2025లో రాష్ట్రం ఎస్సీల 15 శాతాన్ని మూడు గ్రూపులుగా విభజించింది. రెల్లి తదితర కులాల వాటా 1 శాతం, మాదిగ గ్రూపుది 6.5, మాల గ్రూపుది 7.5. ఒక్కో పోస్టుకు ఒక్కో ప్రకటన వెలువడే చోట నూటికి ఒక్కటి అనే వాటా ఎప్పటికీ కాగితం దాటదు. మాల, మాదిగ, రెల్లి భేదం లేకుండా అందరూ కలిసి అడగవలసిన ప్రశ్న ఇది.

మచిలీపట్నంలోని కృష్ణా విశ్వవిద్యాలయమైనా, ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయమైనా చేయవలసింది ఒకటే. ప్రాజెక్టు, కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ కొలువులన్నిటినీ స్థాయిల వారీగా కలిపి, విశ్వవిద్యాలయమంతటికీ ఒకే రోస్టర్ నడపాలి. ఒక ప్రకటనలో ఆగిన వంతు తదుపరి ప్రకటనలో కొనసాగాలి. ఆ రిజిస్టర్ అందరికీ కనబడాలి. విద్యార్థి సంఘాలు 'పోస్టులు భర్తీ చేయాలి' అన్న నినాదంతో ఆగిపోరాదు. సమాచార హక్కు చట్టం కింద రోస్టర్ రిజిస్టర్ ప్రతిని అడగాలి. ఎవరి వంతు ఎక్కడ ఆగిందో అందులోనే తేలుతుంది.