సజ్జ మీద బోర్డో, చెట్టు మీద కాక

మన దగ్గర 'వైన్స్' అని బోర్డున్న కొట్లో దొరకని వస్తువు ఏదైనా ఉందంటే అది వైనే. హన్మకొండలో ఏ వైన్స్ కెళ్ళి "మంచి వైనుందా అన్నా" అని అడిగినా జాలిగా చూసి బీరు సీసా తీసిస్తాడు. అలాంటి చోట పెరిగి, నాలుగేళ్ళు సాఫ్టువేరు జీతం తినగానే మేం గ్లాసు కాడ పట్టుకుని తిప్పడం, ముక్కు లోపలికంటా పెట్టి వాసన చూడడం, "టానిన్లు ఇంకా మెత్తబడాలి" అనడం నేర్చేసుకున్నాం. ఈ టపా ఆ వేషాల మీద. ముందుగా నా వేషం మీద.

2022లో ఆఫీసు పని మీద ఫ్రాన్సు వెళ్ళాను. అక్కడ ఒక రాతి సెల్లారులో ముసలి బోర్డో ఎర్ర వైను రెండు గుక్కలు రుచి చూశాను. బాగుంది, అబద్ధమెందుకు. వస్తూ ఒక సీసా కొన్నాను. ధర చెబితే మా అమ్మ ఇప్పటికీ అన్నం పెట్టదు. మా నాయనకి బోర్డో అంటే తెలిసింది మైలుతుత్తం, సున్నం కలిపి తోటకి కొట్టే బోర్డో మిశ్రమం ఒక్కటే. "తోటకు గొట్టేదా, తాగేదా?" అన్నాడు. ఆయన తప్పు లేదు, ఆ మందు పుట్టింది కూడా 1880లలో ఆ ద్రాక్షతోటల్లోనే.

కొన్నేళ్ళు దాచితే ఇంకా బాగుంటుందని కొట్టువాడు చెప్పాడు. దాచాను. ఎక్కడ? వర్ధన్నపేట దగ్గర మా ఊరింట్లో, స్లాబు కింద సజ్జ మీద, ఇత్తడి గుండిగల పక్కన, నిలబెట్టి!

అసలు సెల్లారంటే ఏంటి? ఏడాది పొడుగునా 12-13 డిగ్రీలు, చీకటి, గాలిలో 70 శాతం దాకా తేమ. సీసాని పడుకోబెట్టాలి, బిరడా తడిగా ఉండాలి, లేకపోతే అది ఎండి గాలి దూరుతుంది. అలా ఉంటే వగరునిచ్చే టానిన్లు, రంగు పదార్థాలు ఏళ్ళ తరబడి ఒకదానికొకటి అతుక్కుని, కొంత మడ్డిగా అడుక్కి దిగి, వైను మెత్తబడుతుంది. అదీ కొన్ని వైన్లకే. అమ్ముడయ్యే వాటిలో ఎక్కువ భాగం కొన్న ఒకటి రెండేళ్ళలో తాగెయ్యాల్సినవే. మరి మా సజ్జ? మే నెలలో మా దగ్గర ఎండ 43, 44 డిగ్రీలు. మూడు ఎండాకాలాలు. అది సెల్లారు కాదండీ, వడియాలు ఎండబెట్టే డాబా.

2025 దసరాకి మిత్రులు ముగ్గురొస్తే సీసా దించాను. బిరడా అప్పటికే పైకి లేచి ఉంది, మెడంతా జిగట. అంటే వేడికి లోపలి వైను ఉబ్బి కారిందన్నమాట. వాసన చూస్తే ఉడకబెట్టిన రేగుపళ్ళు. ఒకడు "లెదర్ వస్తోంది" అన్నాడు. ఇంకొకడు "మెచ్యూర్ అయింది" అన్నాడు. మూడోవాడు కళ్ళు మూసుకున్నాడు. బిరడా చూసినప్పుడే నాకు సంగతి అర్థమైంది. మరి నేనేమన్నాను? "ఫినిష్ బాగుంది కదా" అన్నాను!

మేం కొత్తగా కనిపెట్టిన జబ్బేం కాదిది. 2001లో బోర్డోలోనే పరిశోధకులు 54 మంది వైను విద్యార్థులకి తెల్ల వైనులో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇచ్చారు. వాళ్ళు ఎక్కువగా ఎర్ర వైనుకి వాడే మాటలతోనే దాన్ని వర్ణించారు. కంటికి కనబడిందే ముక్కుకీ తోచింది. మాకు ధర కనబడింది.

అప్పుడే మా కాక వచ్చాడు. ఏటా దసరాకి పొద్దున దించిన కల్లు లొట్టితో తెచ్చివ్వడం ఆయన అలవాటు. కాక గీత కార్మికుడు. ఎనిమిదేళ్ళ కింద మోకు జారి తాడి మీంచి పడితే కాలు వంకరగా అతుక్కుంది. ఇప్పుడు కొడుకు ఎక్కుతున్నాడు. నా మిత్రుడొకడు లొట్టి వంక చూసి "వద్దంకుల్, హైజీన్ ఉండదు" అన్నాడు. కాక ఏమీ అనలేదు. మా సీసా చూసి "గిది ఎన్నడు దించిన్రు? ఏడిది?" అని అడిగాడు.

గమనించారా? వైను తెలిసినవాడు మొట్టమొదట అడిగేవి ఆ రెండే: ఏ ఏడాదిది, ఏ నేలది. మా నలుగురిలో ఒక్కడూ అడగలేదు. కాక చుక్క నాలిక మీద వేసుకుని "కరాబైంది బిడ్డా" అన్నాడు. మావాళ్ళు ముసిముసిగా నవ్వారు. నేనూ నవ్వాను. ఈ టపా రాయిస్తున్నది ఆ నవ్వే.

ఆ రుచి ఆయనకెలా తెలిసిందంటే రోజూ చేసే పని అదే కాబట్టి. కల్లు చెట్టు దిగకముందే పులియడం మొదలెడుతుంది. పొద్దున తీపి, సాయంత్రానికి ఘాటు, మర్నాటికి పులుపు. దాని వయసు గంటల్లో. పోతాడుదా, పండుతాడుదా అన్నది కూడా కాక గుక్కలో చెప్తాడు. అక్కడైతే ఆ విద్యకి డిగ్రీలిస్తారు. ఇక్కడ "లో క్లాస్" అంటాం. హైదరాబాదు ఆఫీసులో "నేను కల్లు ముట్టను" అని నేనూ కోసినవాణ్ణే.

"ఫ్రెంచివాళ్ళ నాణ్యత వేరు, మన కల్లు కల్తీ" అంటారా? కల్తీ నిజమే. క్లోరల్ హైడ్రేట్, డయాజెపాం, అల్ప్రాజోలం కలుపుతున్నారు. 2025 జులైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లుకి పలువురు బలయ్యారు. కానీ ఆ ఫ్రెంచి నాణ్యత ఆకాశం నించి ఊడిపడలేదు. 19వ శతాబ్దంలో ఫిలాక్సెరా పురుగు తోటల్ని తినేస్తే, వ్యాపారులు ఎండుద్రాక్ష నానబెట్టీ, చక్కెర నీళ్ళు కలిపీ వైనని అమ్మారు. తోటలు తేరుకున్నా కల్తీ ఆగలేదు, ధరలు పడిపోయాయి. 1907లో దక్షిణ ఫ్రాన్సులో మార్సెలాన్ ఆల్బేర్ అనే ద్రాక్షరైతు వెనక లక్షల మంది రోడ్డెక్కారు. నార్బోన్‌లో సైన్యం కాల్పులు జరిపింది, ప్రాణాలు పోయాయి. ఆ జూన్‌లోనే కల్తీ మీద చట్టం వచ్చింది. ఏ ఊరి పేరు ఏ సీసా మీద వెయ్యొచ్చో తేల్చే వ్యవస్థ 1935లో వచ్చింది. మనం తిప్పే ఆ గ్లాసు వెనక ఇంత కథ ఉంది. మనం మాత్రం గ్లాసు తిప్పడం ఒక్కటే దిగుమతి చేసుకున్నాం.

కల్లు తాగమని నేను చెప్పట్లేదు. వైను మానమనీ చెప్పట్లేదు. నేనడిగేది మూడే. ప్రతి కల్లు దుకాణంలో పరీక్ష జరగాలి, ఫలితం గోడ మీద రాయాలి. ఏ ఊరి చెట్టుదో చెప్పి అమ్మాలి. చెట్టెక్కే ప్రతివాడికీ నడుముకో పట్టీ ఉండాలి. 2024 జులైలో ప్రభుత్వం కాటమయ్య రక్షణ కిట్లు మొదలుపెట్టింది, మంచిదే. మా కాక పడ్డప్పుడు అవి లేవు. నాలుగోది అడిగితే వచ్చేది కాదు: మనం నవ్వడం ఆపాలి.

మిగిలిన వైను మోరీలో పోశాను. సీసా గట్టిదని మా అమ్మ కడిగి పల్లినూనె పోసుకుంది. ఇప్పుడది వంటింట్లో, పొయ్యికి దూరంగా, నీడలో ఉంది. నూనె ఎక్కడ దాచాలో ఆమెకి ఎవరూ నేర్పలేదు.