చీమే కదా అని ఊరుకోవద్దు



మన బడి చుట్టూ నూజివీడు మామిడి తోటలే. చిన్నరసాలు, బంగినపల్లి అంటే అందరికీ నోరూరుతుంది. కాని ఆ చెట్ల మీద ఆకులు కలిపి గూడు కట్టే ఎర్రచీమలుంటాయి, కొమ్మలకు కందిరీగలుంటాయి, రాళ్ళ కింద తేళ్ళుంటాయి. ఎవరినో ఒకరిని ఏదో ఒకటి కుడుతూనే ఉంటుంది. అప్పుడు హాస్టల్లో రెండు మాటలు వినిపిస్తాయి. "చీమే కదా, పడుకో." "అడవిలో పుట్టినదానివి, దీనికే ఏడుస్తావా?" ఈ రెండు మాటలూ మానుకోవాలని నా అభిప్రాయం.

మనవాళ్ళకు చీమలంటే భయం లేదన్నది నిజమే. ఒడిశాలో మయూర్‌భంజ్ ఆదివాసులు చేసే ఎర్రచీమల చట్నీకి 2024లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. కాని విషం ధైర్యాన్ని చూసి ఆగదు. ఒకే రకం కందిరీగ ఇద్దరిని కుడితే ఒకరికి వాచి తగ్గిపోతుంది, ఇంకొకరికి ఊపిరాడదు. పోయినసారి ఏమీ కాలేదు కాబట్టి ఈసారీ కాదు అనడానికి లేదు.

అలాగని ప్రతిదానికీ ఆసుపత్రికి పరుగెత్తమనడం లేదు. మూడు రకాలుగా చూడాలి.

మొదటిది: కుట్టినచోటే వాపు, మంట, దురద. ఇది మనమే చూసుకోవచ్చు. తేనెటీగ ముల్లు ఉంటే వెంటనే గోటితో గీకి తీసెయ్యాలి. సబ్బుతో కడిగి చల్లని తడిగుడ్డ 10 నిమిషాలు వెయ్యాలి. చేతిమీద కుడితే వాపు రాకముందే గాజులు, ఉంగరం తియ్యాలి. గోకకూడదు. సున్నం, కిరసనాయిలు పుయ్యకూడదు.

రెండోది: అదే రోజు డాక్టరుకు చూపించాలి. రెండు మూడు రోజుల తర్వాత ఎరుపు పాకినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా ఆగొద్దు. జ్వరంతోపాటు చంకలోనో నడుము దగ్గరో కాలినట్టు నల్లటి పెచ్చు కనిపిస్తే అది స్క్రబ్ టైఫస్ కావచ్చు. 2025 చివర్లో మన రాష్ట్రంలో ఈ జ్వరం గురించి పేపర్లలో చాలా వచ్చింది. తొందరగా వెళితే మందులతో తగ్గుతుంది.

మూడోది: ఒక్క నిమిషం కూడా ఆగకూడదు, 108కి ఫోన్ చెయ్యాలి. ఒళ్ళంతా దద్దుర్లు, పెదాలు నాలుక వాయడం, ఆయాసం, వాంతులు, కళ్ళు తిరగడం, నోట్లో కుట్టడం, ఒకేసారి చాలా కుట్టడం. పిల్లను నడిపించకూడదు, పడుకోబెట్టాలి. ఆయాసముంటే కూర్చోబెట్టాలి. తేలు కుట్టి చెమటలు పట్టినా, చేతులు కాళ్ళు చల్లబడినా ఇంతే. మహారాష్ట్రలో మహాడ్ అనే ఊళ్ళో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ గారు ఎర్రతేలు కుట్టినవాళ్ళకు ప్రజోసిన్ అనే మాత్ర ఇచ్చి ఎంతోమందిని బతికించారు. ఆయనకు 2022లో పద్మశ్రీ వచ్చింది. మందు ఉంది, కాని మనం ఆసుపత్రికి చేరితేనే కదా!

ఇప్పుడు అసలు మాట. రాత్రిపూట కుడితే చిన్నపిల్లలు ఎవరినీ లేపరు. తిడతారని భయం. దుప్పటి కప్పుకొని తెల్లారేదాకా ఏడుస్తారు. మేడం వాళ్ళ కష్టం కూడా మనకు తెలుసు. ఇంతమందిని చూసుకోవాలి, ఊరికే లేపేవాళ్ళూ ఉంటారు. అందుకే ఈ మూడు రకాలు అందరికీ తెలియాలంటున్నాను. తెలిస్తే ఊరికే లేపడం తగ్గుతుంది, లేపాల్సినప్పుడు భయపడకుండా లేపుతారు.

నా కోరికలు మూడే. ఈ మూడు రకాలు ప్రతి గది తలుపు మీద రాసి పెట్టాలి. కుట్టినపిల్ల దగ్గర ఒక గంటసేపు ఒక అక్క మేలుకొని ఉండాలి. రాత్రి లేపినందుకు ఎవరినీ తిట్టకూడదు.

మా అమ్మానాన్నలకు చదువు రాదు. మీలో చాలామంది ఇళ్ళల్లోనూ అంతే. సెలవులకు వెళ్ళినప్పుడు గూడెంలో ఈ మాటలు చెప్పాల్సింది మనమే. ముందు ఇక్కడ నేర్చుకుందాం.

ఇట్లు,
తొమ్మిదో తరగతి విద్యార్థిని