మింగిన అక్షరానికి మర్యాద

కనుమ వెళ్ళిన మర్నాడు మా అరుగు మీద పెద్ద యుద్ధం జరిగింది. కారణం చెబితే నవ్వుతారు. అరసున్న.

మా మావయ్యగారు నలభై ఏళ్ళు పద్యనాటకాలకి హార్మోనియం వాయించారు. కోనసీమలో ఏ ఊరి తీర్థానికి నాటకం కట్టినా, పెట్టె పట్టుకుని వెళ్ళి తెల్లారాక ఇల్లు చేరేవారట. ఆ పద్యాలన్నీ చేత్తో రాసుకున్న నోటుపుస్తకం ఒకటుంది. అంచులు చెదపురుగులు తినేశాయి. ఉన్నంతలో ఫోనులోకి ఎక్కించేస్తానని మా అమ్మాయి కూర్చుంది. రెండో పేజీలోనే ఆగిపోయి, "తాతయ్యా, ఈ సగం సున్నలు కూడా కొట్టాలా?" అని అడిగింది.

"కొట్టాలి. అది లేకపోతే తెలుగే కాదు" అన్నారు మావయ్యగారు.

"దండగండీ. పలకనిదాన్ని రాయడం దేనికి?" అన్నారు మృదంగం మేష్టారు.

మెల్‌బోర్న్ నుంచి పండక్కి వచ్చిన మా మరిది కొడుకు మధ్యలో దూరాడు. వాడు అక్కడ ఉద్యోగం చేస్తూ శని, ఆదివారాలు ఒక జాజ్ బృందంలో కీబోర్డు వాయిస్తాడు. ఇంగ్లీషులో అపాస్ట్రఫీ అని ఒక కొక్కెం ఉంటుంది కదా, ఇదీ అలాంటిదే అన్నాడు. ఆస్ట్రేలియా వాళ్ళు 'గుడ్ డే' అనరట, 'గ్‌డే' అంటారట. మింగేసిన అక్షరాల చోట కొక్కెం పెడతారట.

ముగ్గురూ గంటన్నర వాదించుకున్నారు. ఆ గంటన్నరలో నేను కాఫీలు ఇవ్వడానికి రెండుసార్లు, గ్లాసులు తియ్యడానికి ఒకసారి అరుగు మీదకి వెళ్ళాను. నేను తెలుగు బీఏ. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ఒక్కరంటే ఒక్కరూ నన్ను అడగలేదు. అందుకని మీకు చెబుతున్నాను.

నిజానికి ఆ ముగ్గురిలో విషయానికి దగ్గరగా వచ్చింది మావాడే. 'వాఁడు', 'మూఁడు' అని పాత పుస్తకాల్లో అరసున్నతో ఉంటాయి చూడండి, ఒకప్పుడు అక్కడ నిండు సున్నే పలికేవారు. రాయలసీమ వైపు ఇప్పటికీ 'వాండ్లు' అనడం వినే ఉంటారు. మన నోళ్ళలో ఆ సున్న తరిగి తరిగి ముక్కులోకి పోయి, చివరికి మాయమైపోయింది. కాగితం మీద గుర్తు మిగిలింది. అది ఉంటే 'ఏఁడు' సంవత్సరం, లేకపోతే 'ఏడు' అంకె. 'నాఁడు' అంటే రోజు, 'నాడు' అంటే దేశం. పద్యం చెప్పేవాళ్ళకైతే ఇంకో సంగతి కూడా ఉంది. 'తెనుఁగు' అంటే మూడూ లఘువులే. 'తెనుంగు' అంటే మధ్యలో గురువు వచ్చి కూర్చుంటుంది. అంటే నడక మారిపోతుంది. ఇది మృదంగం మేష్టారికే అందరికంటే ముందు తెలియాలి.

కాబట్టి నోటుపుస్తకంలో ఉన్నది ఉన్నట్టు కొట్టమని నా తీర్పు. మావయ్యగారి పక్షమే. ఆయన చెప్పిన కారణం మాత్రం నాకు రుచించలేదు. అది స్వచ్ఛమైన తెలుగుకి గుర్తు అంటారాయన. కాదండీ. అది జనం అక్షరం మింగేసిన చోటుకి గుర్తు. అంటే అది కూడా యాసే. పాతబడింది గనక వ్యాకరణం దానికి కుర్చీ వేసింది.

మరి 'వస్తున్నాను'ని 'వత్తన్నాను' అని మింగేవాళ్ళకి పీట కూడా ఎందుకు వెయ్యరు?

నా కడుపుమంట ఇక్కడుంది. రెండేళ్ళ కిందట మా అమ్మాయిని ఒక పాటల పోటీకి తీసుకెళ్ళాను. ఏ ఊళ్ళోనో, ఎవరు పెట్టారో చెప్పను. స్టేజీ మీద "ఏ ఊరమ్మా?" అని అడిగితే ఊరి పేరు చెప్పి, "ఆయ్, ఎనిమిదో తరగతండి" అంది. న్యాయనిర్ణేత ఒకాయన ఆ 'ఆయ్'ని సాగదీసి, సినిమాల్లో హాస్యగాడిలా అనుకరించి చూపించాడు. హాలంతా నవ్వింది. పిల్లా నవ్వింది, ఏం చేస్తుంది పాపం. ఆ తర్వాత కీర్తన ఒక్క మాట కూడా చెడకుండా పాడింది. దాని తర్వాత వచ్చిన అబ్బాయి 'వనజనయన' అనే మాట దగ్గర 'వనజన' అని ఆగి, ఒక గమకం వేసి, ఊపిరి పీల్చుకుని, 'యన' అన్నాడు. తామరల్లాంటి కళ్ళున్న దేవుడు కాస్తా అడవిజనంలో కలిసిపోయాడు. ఎవరూ నవ్వలేదు. బహుమతి కూడా ఆ అబ్బాయికే. పిల్లవాడిని అనడం లేదు నేను, వాడికి ఎవరూ చెప్పి ఉండరు. చెప్పాల్సిన ఆయన అక్కడే కూర్చుని యాసలు అనుకరిస్తున్నాడు.

ఇప్పుడు మా అమ్మాయి పాడే ముందు అద్దం దగ్గర 'నమస్కారం అండి, నా పేరు' అని టీవీ యాంకరమ్మలా సాధన చేస్తుంది. పాటకి కాదు, మాటకి సాధన. గదిలోంచి అది వినపడ్డప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

త్యాగరాజస్వామి తంజావూరు సీమలో పుట్టి, తిరువయ్యారులో ఉండి తెలుగులో కీర్తనలు కట్టాడు. వాటిలో ఇంట్లో మాట్లాడుకునే మాటలు ఎన్నో ఉన్నాయి. ఆ కీర్తనల్ని తమిళ లిపిలో రాసుకుని నేర్చుకున్నవాళ్ళు తడబడ్డారంటే అర్థముంది. ఆ లిపిలో క, గ లకి ఒకటే అక్షరం. తెలుగు పుస్తకం ముందు పెట్టుకుని మాటల్ని విరిచే మనవాళ్ళకి ఏ సాకు ఉంది?

ఇంకో విడ్డూరం వినండి. మావాడు మాటల్లో మధ్యాహ్నాన్ని 'ఆర్వో' అన్నాడు. పెట్రోలు బంకు 'సర్వో' అట, పొద్దున టిఫిను 'బ్రెకీ' అట. అరుగు మీద అందరూ ముచ్చటపడిపోయారు, మళ్ళీ మళ్ళీ అనిపించుకున్నారు. అదే మా పాలేరు 'ఎల్తన్నానండి' అంటే మోటు. విమానం ఎక్కి వచ్చిన యాస ముద్దు, గోదారి దాటి వచ్చిన యాస మోటు!

రాస్తున్నాను గనక మన తప్పూ ఒప్పుకోవాలి. గిడుగు రామమూర్తిగారు పుస్తకాల్లో వాడుకభాష ఉండాలని పోరాడారు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిస్తే అక్కడ ఉండలేక రాజమండ్రి వచ్చేశారు. ఆ పోరాటం గెలిచాక పత్రికల్లోకి, పాఠాల్లోకి ఎక్కిన తెలుగు చాలావరకు మన గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల చదువుకున్నవాళ్ళ మాటే. దాన్ని చూసుకుని మనం మురిసిపోయాం. సినిమాల్లో తెలంగాణ మాట రౌడీకీ, శ్రీకాకుళం మాట పనిమనిషికీ పెడితే ఏళ్ళ తరబడి పకపకా నవ్వాం. నేనూ నవ్వాను. లంకల్లోంచి పాలు తెచ్చే ఆవిడ మాటని అనుకరించి మా పుట్టింట్లో నవ్వించిన దాన్ని. ఆ రోజు హాల్లో నాకు తగిలిన దెబ్బలో సగం అదే.

సాయంత్రం వాదన రాగాల మీదకి మళ్ళింది. మావాడు పద్యం వెనకాల ఏదో జాజ్ పద్ధతిలో వాయిస్తే మేష్టారు "ఇది సంగీతమే కాదు" అని తేల్చేశారు. అదే మేష్టారికి బాలమురళీకృష్ణగారంటే ప్రాణం. ఆయన పుట్టిన శంకరగుప్తం కోనసీమలోనే ఉందని వచ్చినవాళ్ళందరికీ చెబుతారు. మరి ఆయన నాలుగే స్వరాలతో మహతి, లవంగి లాంటి రాగాలు కడితే ఏమన్నారు పెద్దలు? అవి రాగాలే కావన్నారు. వీణ బాలచందర్‌గారు బహిరంగంగానే తగువు పెట్టుకున్నారు. మహతి మాత్రం నిలిచింది. 1975లో వచ్చిన 'అపూర్వ రాగంగళ్' సినిమాలో ఆ రాగంతో మొదలయ్యే పాటే ఉంది. జాజ్‌లోనూ అంతేనట. 1940ల్లో బీబాప్ అనే కొత్త పోకడ వస్తే పాతవాళ్ళు చాలామంది అది సంగీతం కాదన్నారని మావాడు చెప్పాడు. మేష్టారు వినిపించుకోలేదు, పకోడీలు అందుకున్నారు.

అప్పుడు నేను గ్లాసులు కింద పెట్టేసి అక్కడే కూర్చున్నాను. ఏఁడు, ఏడు సంగతి చెప్పాను. తెనుఁగు, తెనుంగు తొడ మీద తాళం వేసి చూపించాను. మావయ్యగారు కళ్ళజోడు సవరించుకుని, "నీకిదంతా ఎలా తెలుసు అమ్మాయ్?" అన్నారు. ఇరవై రెండేళ్ళ కాపురంలో మొదటిసారి. మా అమ్మాయి వెంటనే, "ఆయ్, మా అమ్మ బీఏ అండి!" అంది.

నోటుపుస్తకం ఇప్పుడు నలభయ్యో పేజీలో ఉంది. అమ్మాయి కొడుతుంది, నేను దిద్దుతున్నాను. అరసున్నలన్నీ ఉన్నాయి. మావయ్యగారు కాఫీ అడిగితే, పాలు ఫ్రిజ్‌లో ఉన్నాయని చెప్పాను.