అలిఖిత శాసనము

వ్రాసిన శాసనమును న్యాయస్థానమున ప్రశ్నింపవచ్చును. శాసనసభలో రద్దు చేయింపవచ్చును. వ్రాయని శాసనము నేమి చేయగలము? దానికి కర్త లేడు, తేదీ లేదు, రాజముద్ర లేదు. అయినను దానిని మీఱినవానికి శిక్ష తప్పదు. మన గ్రామములలో అంటరానితనము అట్టి శాసనముగనే తరతరములు రాజ్యమేలినది. అమెరికా దేశమునందలి మిసిసిపీ రాష్ట్రములో పాఠశాలలకును, రైళ్లకును వర్ణభేదమును విధించు వ్రాతశాసనములే యుండెను. క్రీడల విషయమున మాత్రము వ్రాయ నక్కఱలేదని పెద్దలు తలచిరి. నల్లజాతి యువకులున్న జట్టుతో మిసిసిపీ కళాశాలల తెల్లజట్లు ఆడరాదు. అంతియే, అందఱు నెఱిగినదే. ఈ శాసనమును 1955లో మీఱినది పేరుగన్న విశ్వవిద్యాలయము కాదు, ఒక చిన్న జూనియర్ కళాశాల.

ఎల్లిస్‌విల్ అను చిన్న పట్టణమునందలి జోన్స్ కౌంటీ జూనియర్ కళాశాల రెండేండ్ల చదువు చెప్పు సంస్థ. అచ్చటి ఫుట్‌బాల్ మన మెఱిగిన కాలిబంతి యాట కాదు. కోడిగ్రుడ్డు వంటి బంతిని చేతబట్టి, ఎదుటివారిని త్రోసికొనుచు, పడద్రోయుచు సాగు ఆట. ఒకని దేహము మఱొకని దేహమును తాకక అందొక క్షణమైనను గడవదు. అంటును పాటించువాడు ఆ యాట నాడనేలేడు. కనుకనే పెద్దలకా భయము.

ఆ యేడు శరదృతువున ఎల్లిస్‌విల్ జట్టు గొప్పగా ఆడినది. ఫలితముగా కాలిఫోర్నియాలోని పసడేనా నుండి పిలుపు వచ్చినది. 1946 మొదలు అచ్చట జూనియర్ కళాశాలలకై ‘లిటిల్ రోజ్ బౌల్’ అను పోటీ జరుగుచుండెను. ప్రతిపక్షము కాంప్టన్ కళాశాల. దాని జట్టులో నల్లజాతి ఆటగాండ్రుండిరి. ఆ పసడేనా పట్టణపు జూనియర్ కళాశాల తరఫుననే 1938లో జాకీ రాబిన్సన్ ఫుట్‌బాల్ ఆడెను. 1947లో బేస్‌బాల్ పెద్ద లీగునందలి వర్ణనిషేధమును భగ్నము చేసినవాడతడే.

ఆ పిలుపు వచ్చిన కాలమెట్టిదో పాఠకులు గమనింపవలెను. 1954 మే నెలలో అమెరికా సుప్రీం కోర్టు పాఠశాలలలోని వర్ణవిభజన చెల్లదని తీర్పు చెప్పియుండెను. 1955 ఆగస్టులో ఈ మిసిసిపీలోనే ఎమ్మెట్ టిల్ అను పదునాలుగేండ్ల నల్లజాతి బాలుని చంపిరి. నిందితులిద్దఱను తెల్లవారి జ్యూరీ నిర్దోషులని విడిచిపెట్టెను. డిసెంబరు 1వ తేదీన పొరుగు రాష్ట్రమగు అలబామాలో రోసా పార్క్స్ బస్సులో తన స్థానమునుండి లేవ నిరాకరించెను. మఱునాడే జార్జియా గవర్నరు, తమ రాష్ట్రపు జట్టు ఒక్క నల్లజాతి ఆటగాడున్న పిట్స్‌బర్గ్ జట్టుతో నాడరాదని హుంకరించెను. జార్జియా టెక్ విద్యార్థులు వీధులకెక్కి గవర్నరు దిష్టిబొమ్మను తగులబెట్టిరి. అది సమత్వముపై ప్రేమయని భ్రమపడరాదు. అందు పెక్కుమందికి ఆటమీది మమకారమే ప్రధానము. ఐనను అలిఖిత శాసనమునకు ఆ మమకారమే అడ్డు తగిలినది. 1956 జనవరిలో ఆ యాట జరిగినది.

అంతకుముందే, డిసెంబరు రెండవ వారమున, ఎల్లిస్‌విల్ యువకులు పసడేనాలో ఆడిరి. 22–13 తో కాంప్టన్ గెలిచినది. ఆకాశము విఱిగి పడలేదు. ఓడినవా రోడినవారుగా ఇల్లు చేరిరి. గెలిచినవారు గెలిచినవారుగా సంతసించిరి. ఇంత స్వల్పమైన సంగతిని ఆపుటకై ఒక రాష్ట్రమే కావలి కాయవలసి వచ్చెనన్న, ఆ శాసనమునకు బలము కంటె భయమే హెచ్చని తెలియుటలేదా?

ఇంతమాత్రమున ఎల్లిస్‌విల్ కళాశాలను ఆకాశమున కెత్తవలదు. మైదానమున నల్లవాని భుజమును తాకిన ఆ యువకులు తిరిగివచ్చి చేరినది, నల్లవానికి ప్రవేశము లేని తరగతి గదులలోనికే. సమీపమున హట్టీస్‌బర్గ్ పట్టణమున క్లైడ్ కెన్నార్డ్ అను మాజీ సైనికుడు ఆ దశకముననే కళాశాల ప్రవేశమునకై మాటిమాటికి అడిగెను. అతనికి దొరికినది ప్రవేశము కాదు. కోళ్లదాణా దొంగతనపు కల్పిత నేరముపై 1960లో ఏడేండ్ల కారాగారశిక్ష. వ్యాధిగ్రస్తుడై 1963లో మరణించెను. అతడు నిరపరాధియని న్యాయస్థానము ప్రకటించుటకు 2006 వఱకు పట్టినది. ఆటలో సమత్వము ఒక మధ్యాహ్నపు ముచ్చట. చదువులో సమత్వము జీవితము. మొదటిదానిని సహించి రెండవదానిని నిరాకరించుట న్యాయము కాదు.

పసడేనా ఆటతో అలిఖిత శాసనము చావలేదు, మఱింత బిగిసినది. నిధులు నిలుపుదుమని శాసనసభ్యులు కళాశాలలను బెదరించిరి. మిసిసిపీ స్టేట్ బాస్కెట్‌బాల్ జట్టు 1959, 1961, 1962 సంవత్సరములలో తమ సంఘమున నెగ్గియు జాతీయ పోటీలకు పోలేదు. 1963లో న్యాయస్థానపు నిషేధాజ్ఞను తప్పించుకొని రాష్ట్రము దాటి, మిషిగన్‌లో షికాగో లయోలా జట్టుతో ఆడి 61–51 తో ఓడెను. కండబలమున్న యువకులు తమ యాట తామాడుటకు దొంగలవలె పోవలసివచ్చినది! అంటును విధించువాడు తానును బందీయే యగుననుటకు ఇంతకంటె నిదర్శన మేల? అయితే ఆ బందిఖానాలలో భేదము కలదు. తెల్లవాడు పోగొట్టుకొన్నది ఒక పందెము. కెన్నార్డ్ పోగొట్టుకొన్నది ప్రాణము.

పరుల గృహములోని మురికి చూపి మన వాకిలి శుభ్రమనుకొనుట తగదు. చర్మకార కులమున జన్మించిన పాల్వంకర్ బాలూ 1911లో ఇంగ్లండు పర్యటనలో నూటికి మించి వికెట్లు గూల్చెను. పూనాలో అతని బంతితో నెగ్గిన హిందువులే అతనికి మట్టి ముంతలో, విడిగా, వెలుపల తేనీరిచ్చిరి. హిందూ జట్టు నాయకత్వ మతనికి దక్కనేలేదు. 1923లో తమ్ముడు విఠల్‌కు దక్కినది. బాలూ పట్టిన బంతికి మైల లేదు, బాలూ త్రాగిన పాత్రకు మైల యట! మిసిసిపీ తర్కమునకును దీనికిని ఏమి భేదము?

1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగపు 17వ అధికరణము అస్పృశ్యతను రద్దు చేసినది. వ్రాయవలసినది వ్రాసితిమి. మిగిలినది వ్రాయని శాసనము. దానిని ఢిల్లీ రద్దు చేయజాలదు. మన యూరే రద్దు చేయవలెను. మన వీధి పిల్లల జట్టును ఈ సాయంత్రమే చూడుడు. నాయకు డెవరు? ముళ్లకంపలో పడిన బంతిని తెచ్చుట కెప్పుడును పంపబడువా డెవడు? ఆట ముగిసిన పిమ్మట ఎవరి యింట ఎవరు నీరు త్రాగుదురు? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పుకొనగలవానికి మిసిసిపీని నిందించు హక్కు కలదు.