గుండెలోని మోటారు, గట్టుమీది స్టార్టరు

2021వ సంవత్సరము ఫిబ్రవరి 2వ తేదీన హైదరాబాదు మెట్రో రైలొకటి నాగోలునుండి జూబ్లీహిల్సువరకు 21 కిలోమీటర్లను నడుమ నెచ్చటను ఆగక అరగంటలో గడచినది. అది మోసికొనిపోయినది నల్లగొండ జిల్లా రైతొకని గుండె. మెదడు నిర్జీవమైన యా రైతు కుటుంబమువారు అంతటి దుఃఖములోను దానమున కొప్పుకొనిరి. శరీరమునుండి తీసిన గుండె నాలుగు గంటలలోపల మరల రక్తముతో కలియవలెను గనుక నంతటి తొందర. ఈ దానము మహత్తరమైనదే. కాని గుండె చెడినవారెల్లరు నిట్టి దానమునకై కనిపెట్టుకొని యుండవలెనన్న, వంతు వచ్చులోపలనే యనేకుల ఆయువు తీరిపోవుచున్నది. అట్టివారికై వచ్చినదే గుండెకు సాయపడు పంపు.

పంపు సంగతి మన మెట్టప్రాంతపు రైతులకు ఒకరు చెప్పవలసినది కాదు. మోటబావుల కాలములో బొక్కెన నిండుట, ఎద్దులు లాగుట, నీరొలుకుట, మరల దిగుట, ఇట్లు విడతవిడతగా నీరు పారుచుండెను. పిదప కరెంటు మోటారు వచ్చి, చక్రము తిరిగినంతసేపును ధార తెగకుండ పోయుట మొదలిడినది. గుండె పంపుల చరిత్రయు నిదే. తొలినాటివి మోటవంటివి, సంచి నిండును, పిండబడును. నేటివి మోటారువంటివి. 2017లో అమెరికాలో ప్రభుత్వానుమతి పొందిన హార్ట్‌మేట్ 3 అను పంపులో చక్రము అయస్కాంతబలముచే రక్తములో తేలుచు నిమిషమునకు ఐదారువేల చుట్లు తిరుగును. ఒరపిడి లేదు గనుక అరుగుదలయు లేదు. 2022లో ప్రకటితమైన పరిశోధన ప్రకారము దీని నమర్చుకొన్నవారిలో నూటికి 58 మంది ఐదేండ్లు జీవించిరి.

ఇక చిక్కంతయు తీగలో నున్నది. పంపునుండి బయలుదేరిన తీగ పొట్టచర్మమును చీల్చుకొని వెలికివచ్చి, నడుమునకు కట్టిన పెట్టెలోను బ్యాటరీలలోను కలియును. ఆ తావు ఎన్నటికిని మానని గాయము. రెండేండ్లు తిరుగులోపల ఐదుగురిలో ఒకరికి పైగా అచ్చట చీము పట్టుచున్నదని పై పరిశోధనమే చెప్పినది. చెరువులో దిగరాదు, బావిలో మునుగరాదు. చెమటయు దుమ్మును నిత్యకృత్యములైన కల్వకుర్తి, దేవరకొండ పొలములలో నిది పాటింపదగిన నియమమేనా?

అందుచేతనే తీగ లేని పంపునకై ఇంజనీర్లు పాటుపడుచున్నారు. దాని మర్మము ఊరి ట్రాన్స్‌ఫార్మరులోనే కలదు. అందలి రెండు తీగచుట్టలు ఒకదానికొకటి తగులవు. ఐనను ఒకదానిలో కరెంటు మారుచుండ రెండవదానిలో కరెంటు పుట్టును. అట్లే చర్మము వెలుపల నొక చుట్ట, లోపల నొక చుట్ట. కాని ట్రాన్స్‌ఫార్మరు చుట్టలను కలుపుటకు ఇనుపదిమ్మ యుండును. ఇచ్చట నడుమ నున్నవి చర్మము, కొవ్వు. వెలుపలి చుట్ట కొంచెము జరిగినను కరెంటు పలుచనగును. నూటికి 80 పాళ్లు చేరునని యెంచినను 5 వాట్ల పంపునకు 6 వాట్లకు పైగా పంపవలెను, మిగిలినది వేడి. లోపలి బ్యాటరీనిగూడ అదే సమయమున నింపుటకు మరి 5 వాట్లు కావలెనన్న వేడియు రెండింతలగును. ఒంటిలోని మాంసము 2 డిగ్రీలకు మించి వేడెక్కరాదని ఇంజనీర్లు గీచుకొన్న గీత. బ్యాటరీ పెద్దదైన ఎదలో చోటు చాలదు. చిన్నదైన త్వరలో ఖాళీయగును. ఏదైనను కొన్నియేండ్లకు సారము తగ్గి మరల కోత తప్పదు.

1999లో జర్మనీలో లయన్‌హార్ట్ అను పంపును తీగ లేకుండ మొదటిసారి యొకరికి అమర్చిరి. అది మోటజాతిది, పెద్దది. 2005లో దానిని చేయువారే విరమించుకొనిరి. 2018 తుదిని కజకస్థాను రాజధాని ఆస్తానాలో మరియొక ప్రయత్నము జరిగినది. ఎదలో ఊపిరితిత్తి చుట్టును పెద్ద చుట్ట నొకదానిని, వెలుపల నడికట్టులో వేరొకదానిని ఉంచిరి. చుట్ట పెద్దదగుటచే వేడి యొకచోట గూడదు, నడికట్టు జరిగినను భయము లేదు. అందులకు మూల్యము పెద్ద కోత. ఆ తరుణమున దీనిని ఇద్దరికి అమర్చిరి. ఆస్తానా ప్రపంచములోని మిక్కిలి చలిగల రాజధానులలో నొకటి యని మాత్రము మరువరాదు. మే మాసమున 45 డిగ్రీలు కాయు నల్లగొండలో, చెమట యారని నడికట్టు క్రింద అదే చుట్ట యెట్లుండును?

అన్నింటికన్న ముఖ్యమైన ప్రశ్న వేరొకటి. తీగ యున్నప్పుడు పంపును నడుపు పెట్టె వెలుపల నుండును. చెడినచో ఇంటివారే వేరొకటి తగిలింపగలరు. తీగ తీసివేసినంతట ఆ పెట్టెయు ఎదలోనికే పోవలసియుండును. స్టార్టరు గట్టుమీద నుండవలెనా, మోటారుతో గూడ బోరులోనికి దింపవలెనా యని యడిగిన మన రైతు లేమందురు? ఇది వట్టి పోలిక కాదు. హార్ట్‌వేర్ అను పంపును 2021లో బజారునుండి తీసివేయుటకు గల కారణములలో నొకటి, ఆగిన పంపు మరల స్టార్టు కాకపోవుట. నగరములో నున్నవానిని ఆసుపత్రికి చేర్చవచ్చును. కొల్లాపురమునుండి హైదరాబాదు 150 కిలోమీటర్లకు మించిన దూరము. పెట్టె లోపలనే చెడినచో ఆ దూరమే ప్రాణాంతకమగును.

ఐనచో తీగయే మేలందుమా? అట్లనము. చీము పట్టుటయు మెల్లగా చంపునదే. మా వాదమేమనగా, ఇంజనీర్లు చుట్టలతో గాక వాట్లతో ప్రారంభింపవలెను. నిమిషమునకు ఐదు లీటర్ల రక్తమును మామూలు రక్తపు పోటు కెదురుగా త్రోయుటకు లెక్కప్రకారము కావలసినది ఒక వాటు చిల్లర మాత్రమే. నేటి పంపులు నాలుగైదు వాట్లు తినుచున్నవి. ఈ తేడా యంతయు దుబారా కాదు. రక్తకణములు నలుగకుండ చక్రము చుట్టును సందు విశాలముగా నుంచినందులకు, చక్రమును తేల్చుటకు కొంత పోవుచున్నది. ఐనను ఇచ్చట తగ్గించిన ప్రతి వాటును చుట్ట వేడిని, బ్యాటరీ బరువును, కోత పెద్దదనమును ఒక్కమారుగా తగ్గించును. ఇంత ఫలమిచ్చు స్థానము వేరొకటి లేదు.

ఈ పని మనవారికి అసాధ్యము కాదు. తిరువనంతపురములోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థవారు చేసిన గుండె కవాటమును 1990లోనే మనిషి కమర్చిరి. కాన్పూరు ఐ.ఐ.టి.వారు 2022లో హృదయంత్ర అను పేర కృత్రిమహృదయపు యత్నమునకు పూనిరి. దిగుమతి పంపు ఖరీదు కోటి రూపాయలకు అటునిటుగా నుండగా, పది యెకరముల ఆసామియు భూమి యంతయు నమ్మినగాని కొనలేడు. కావున స్వదేశపు పంపు వచ్చుట యవసరమే. కాని చౌకగా వచ్చుటతోనే పని తీరదు. దానిని ఎండలో పరీక్షింపవలెను. మన వేసవిలో నీరు త్రాగక పనిచేసినవాని గుండెలో రక్తము తగ్గి, ఎండిన బోరులో మోటారు వలె పంపు వట్టిగా గుంజబోవును. అప్పుడు తనంతట వేగము తగ్గించుకొను నేర్పు దానికుండవలెను. మరియు బీబీనగరు ఎయిమ్స్‌లోను, మహబూబునగరు ప్రభుత్వ వైద్యకళాశాల ఆసుపత్రిలోను ఆ పెట్టెను విప్పి చూడగల వైద్యుడును, ఇంజనీరును రాత్రింబవళ్లు ఉండునట్లు ముందుగా ఏర్పాటు చేసిన పిదపనే మొదటి పంపును మన జిల్లావాని యెదలో నుంచవలెను.