నేను నమ్మను గానీ, రీసేల్ పోతుంది కదా!

ఈ మాట విననివాళ్ళు మనలో ఎవరైనా ఉన్నారా? వాస్తు మీద గంటసేపు ఉపన్యాసం దంచగల మిత్రుడు కూడా వీధిపోటు స్థలం చూపించేసరికి ఇదే అంటాడు. "నాకు నమ్మకం లేదండీ. కానీ రేపు అమ్ముకోవాలంటే ఎవడు కొంటాడు?" ఈ మాట అన్నవాడిని హేతువాది అనడానికి నాకు నోరు రాదు. ముందుగా నన్ను నేనే అనుకోవాలి లెండి, ఎందుకంటే ఈ మాట నేనూ అన్నాను.

2014 సంగతి. రాష్ట్రం విడిపోయింది, రాజధాని ఎక్కడో తేలలేదు. "నూజివీడు పక్కనేనట" అని ఒక గాలి కబురు. మామిడితోటల ఊరు మాది. ఆ వేసవిలో కాయల రేటు అడిగేవాడు లేడు, అందరూ స్థలం రేటే. తోటలు నరికి హద్దురాళ్ళు పాతేశారు. మా బావమరిది నా దగ్గరికి వచ్చి, "బావా, రెండు ప్లాట్లు చూశాను. దక్షిణం ఫేసింగుది చవగ్గా వస్తోంది, ఈశాన్యం మూలది ఎక్కువ చెబుతున్నారు. ఏది కొనమంటావు?" అన్నాడు. నేనేమన్నాను? "వాస్తూ లేదు, గీస్తూ లేదు. కానీ రీసేల్‌కి ఈశాన్యమే మేలు" అన్నాను. రెండూ కొనొద్దు అనాల్సినవాణ్ణి!

అదే ఏడాది ఆగస్టులో శివరామకృష్ణన్ కమిటీ నివేదిక ఇచ్చింది. అన్నీ ఒకేచోట పెట్టే మహా రాజధాని వద్దంది. మా ఊళ్ళో దాన్ని చదివినవాడు నాకు కనబడలేదు. టీకొట్టు దగ్గర చెప్పినదే వేదం. సెప్టెంబరులో విజయవాడ పరిసరాల్లో రాజధాని అన్నారు, ఏడాది చివరికల్లా తుళ్ళూరు ప్రాంతం ఖాయమైంది. మా ఊళ్ళో బేరాలు ఆగిపోయాయి. హద్దురాళ్ళు మాత్రం మిగిలాయి.

ఇప్పుడు కూతురి చదువుకి డబ్బు కావాలని మా బావమరిది ఆ ప్లాటు అమ్మకానికి పెట్టాడు. మధ్యవర్తి వచ్చి చూసి ఏమన్నాడో తెలుసా? "ఉత్తరాన చెరువుగట్టు ఎత్తుగా ఉందండీ, వాస్తు దోషం. రేటు తగ్గించుకోవాలి." 2014లో కూడా గట్టు అక్కడే ఉంది! కొనేటప్పుడు ఈశాన్యం కనబడింది, అమ్మేటప్పుడు గట్టు కనబడింది. వాస్తు శాస్త్రం కాదని నిరూపించడానికి ఇంతకంటే ప్రయోగం ఏం కావాలి? అది బేరమాడే పనిముట్టు. అంతే.

తుళ్ళూరులో కొన్నవాళ్ళు తెలివైనవాళ్ళా అంటే, వాళ్ళ కథా చూశాం. అమరావతి ప్రణాళిక వాస్తు ప్రకారమే ఉందని అప్పట్లో ఘనంగా చెప్పుకున్నారు. 2019 డిసెంబరులో అసెంబ్లీలో మూడు రాజధానుల మాట వినబడగానే రేట్లు కూలాయి. 2024లో ప్రభుత్వం మారాక మళ్ళీ లేచాయి. దిక్కులు మారలేదు, మట్టి మారలేదు. మారింది ప్రభుత్వ నిర్ణయం. ఏ ఈశాన్యమూ దాన్ని ఆపలేదు.

అసలు చిన్న ఊళ్ళో ఈ మూఢనమ్మకం ఎందుకింతగా పెరుగుతుంది? నిజమైన ధర ఎక్కడా రాసి ఉండదు గనుక. ప్రభుత్వ విలువ, దస్తావేజులో ధర, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దాని మీద స్టాంపు డ్యూటీ కట్టాలి. అందుకని చాలామంది దస్తావేజులో ప్రభుత్వ విలువే వేయించి మిగతాది చేతికిస్తారు. ఇక సబ్ రిజిస్ట్రారు ఆఫీసు కాగితాల్లో అసలు రేటు ఎలా దొరుకుతుంది? ఆ ఖాళీలోకి మధ్యవర్తి నోరు దూరుతుంది. పైగా ఒకడు అడ్వాన్సు ఇచ్చి అగ్రిమెంటు రాయించుకుంటాడు, రిజిస్ట్రేషన్ కాకుండానే ఇంకొకడికి ఎక్కువకి మళ్ళిస్తాడు. కాగితం మూడు చేతులు మారేసరికి "రేటు పెరిగింది" అని ఊరంతా టముకు. అక్కడ ఇల్లు కట్టుకోవాలనుకున్నవాడు ఒక్కడూ ఉండడు.

చూశారా, రెండు నమ్మకాలకీ ఇరుసు ఒక్కటే. వాస్తు నిజం కానక్కర్లేదు, తర్వాత కొనేవాడు నమ్మితే చాలు. రాజధాని రానక్కర్లేదు, తర్వాత కొనేవాడు నమ్మితే చాలు. ఆ తర్వాతివాడూ "నేను నమ్మను గానీ" అనే అంటాడు. నమ్మేవాడు ఒక్కడూ లేకుండానే నడిచే మతం ఇది!

"దక్షిణం ప్లాటు చవగ్గా పోవడం నిజమే కదా?" అంటారు. నిజమే. నమ్మకం అబద్ధమైనా దానివల్ల పడే ధర నిజం. అయితే కాపురం ఉండటానికి కొనేవాడికి అది నష్టం ఎలా అవుతుంది? గాలీ వెలుతురూ, నీళ్ళూ, మురుగు పోయే దారీ బాగుంటే మిగిలిన డబ్బుతో ఇంకో గది వేసుకోవచ్చు. హేతువాదానికి నగదు బహుమతి దొరికే చోటు జీవితంలో అరుదుగా వస్తుంది. అక్కడ కూడా మనం ఈశాన్యం వైపే పరిగెడుతున్నాం.

దేవుడి మహిమ అంటే ఆధారం అడుగుతాం. "గజం ఇంత" అన్నప్పుడు ఎందుకు అడగం? చెప్పిన రేటు కాదు, అమ్ముడుపోయిన రేటు అడగండి. ఆర్నెల్లలో ఆ వీధిలో ఎన్ని రిజిస్ట్రేషన్లు అయ్యాయో, ఎందరు ఇళ్ళు కట్టుకున్నారో చూడండి. ఈసీ తీయించండి. లేఅవుటుకి అనుమతి ఉందా, 2016 నాటి రెరా చట్టం కింద నమోదైందా అడగండి. అద్దె లెక్క వేయండి. ఉదాహరణకి 50 లక్షలు చెప్పే ఇంటికి నెలకి 8 వేలు అద్దె వస్తే ఏడాదికి 96 వేలు, రెండు శాతం కూడా కాదు. మిగతాదంతా రేపటి మీద ఆశే. రింగు రోడ్డు వస్తుందంటే నోటిఫికేషన్ చూపించమనండి. చూపించలేకపోతే అది తాయెత్తు కిందే లెక్క.

ఇవన్నీ 2014లో నాకు తెలిసినవే. మా బావమరిది వాస్తు పండితుణ్ణి అడగలేదు, హేతువాది అని నన్ను అడిగాడు. ఆ మోసం చేసింది వాస్తు కాదు, నేను. ఇకమీద ఎవరైనా నా ముందు "నేను నమ్మను గానీ" అంటే, ఆ "గానీ" దగ్గరే ఆపేస్తాను.